ఆదివారం వాసన

దువ్వాడలో మా ఇంటికి ఆదివారం క్యాలెండరు చూసుకుని వచ్చేది కాదు. కాగిన నూనెలో దాల్చినచెక్క పడగానే వచ్చేది. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నా సరే, ముందు నా ముక్కు లేచేది, తర్వాత నేను.

ఆ రోజు తన ఊరు పద్మనాభం నుంచి మా బావ, అంటే మా ఆవిడ అన్నగారు, నాటుకోడి తెచ్చి తనే వండేవాడు. వాళ్లింటి పద్ధతి ఒకటుంది: కూరలోని చెక్క ఎవరి కంచంలో పడితే వాళ్లే గిన్నెలు తోమాలి. అందుకని అందరం దాన్ని అన్నం కింద దాచేవాళ్లం.

"ఏటి బావా, అన్నం కింద ఏటి దాత్తన్నావ్? తియ్యి సెక్క!" అని బావ నా కంచంలో వేలు పెట్టేవాడు. దొరికిపోయేది ఎప్పుడూ నేనే.

పోయినేడాది నాకు సుగర్ వచ్చింది. ఫోన్లో ఎవరో పంపిన సలహా చూసి, మా ఆవిడ రోజూ పరగడుపున గ్లాసెడు దాల్చినచెక్క కషాయం ఇవ్వడం మొదలుపెట్టింది. నాకంటే ముందు లేచి, మరిగించి, వడకట్టి, చల్లార్చి ఇచ్చే మనిషితో వద్దనడానికి నోరు రాలేదు. రాని ఆ నోటితోనే తాగాను.

కొన్ని నెలలకు పరీక్ష చేయిస్తే, అంత చెక్క తాగినా చక్కెర మాత్రం చెక్కుచెదరలేదు. డాక్టరమ్మ నవ్వింది. "కూరలో వేసుకోండి, మంచిదే. అంతేగాని మాత్రకి బదులు కాదు. రోజూ గ్లాసులకొద్దీ తాగితే లివర్‌కి ఇబ్బంది."

కషాయం మానేశాను. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. నూనెలో చెక్క పడితే ముక్కు లేవడం మానేసింది, కడుపు తిప్పడం మొదలైంది. వారమంతా ఆదివారాన్ని గ్లాసులో పోసుకుని తాగేసినవాడికి ఇంకా ఆదివారం ఎక్కడ మిగులుతుంది?

మొన్న బావ వచ్చి మళ్లీ కోడి వండాడు. అలవాటుగా అన్నం కింద వేలితో వెతికాను. లేదు. మిగతా కంచాల్లోకీ తొంగిచూశాను.

"ఎతక్కు బావా. నీకా వాసన పడ్డం నేదని సెల్లి సెప్పింది. ఎయ్యనేదు," అన్నాడు.

కూర బాగానే ఉంది. ఎవరూ ఏమీ దాచుకోలేదు. ఎవరూ ఎవరి కంచంలోనూ వేలు పెట్టలేదు. త్వరగా తినేశాం.

లేచి గిన్నెలు సింకులో వేసుకున్నాను.

"నువ్వెందుకు బావా? సెక్కే నేదు కదా!"

"నా కంచంలోనే పడింది బావా," అన్నాను పీచు చేతిలోకి తీసుకుంటూ. "నువ్వే సూడ్నేదు."