బేరంలో పోయిన డిస్కు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్ద నేరమైతే కొంచెం గొప్పగానైనా ఉండేది. ఇది చవకరకం. నాలాగే.

మాది దుకాణాల కుటుంబం. చెప్పిన ధరకే కొన్నవాణ్ణి మా ఇంట్లో మనిషి కింద లెక్కెయ్యరు. బేరంలో నాకున్న పేరు చూసే, కింది వాటాలో ఉండే యాదగిరన్న తన పాత ల్యాప్‌టాప్ నా చేతిలో పెట్టాడు. పెళ్లి జాకెట్లకు మగ్గం డిజైన్లు గీస్తాడాయన. తొమ్మిదేళ్ల గీతలన్నీ అందులోనే. వేగం పెరగడానికి ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు వేయించాలి. సీడీ పెట్టే చోట ఒక అడాప్టర్ బిగించి, డిజైన్లున్న పాత హార్డ్ డిస్కును అందులో ఉంచాలి. అంతే పని.

అమీర్‌పేటలో గంటసేపు బేరమాడాను. దుకాణదారుడు ఎస్ఎస్‌డీ ధర దించాడు. అడాప్టర్ ఊరికే ఇమ్మన్నాను. "పాత డిస్క్ నాకిడిసిపెట్టు, ఇస్త" అన్నాడు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఏ డిస్కు పెట్టడానికి ఆ అడాప్టరో, ఆ డిస్కునే ఇచ్చి దాన్ని గెలుచుకున్న మేధావిని! పంజాగుట్ట దాకా ఈల వేసుకుంటూ నడిచాక గానీ బుర్ర వెలగలేదు.

వెనక్కి పరుగెత్తాను. డిస్కు ఇంకా కౌంటర్ మీదే ఉంది.

"ఏందన్నా, బేరం వాపసా?" నవ్వాడు దుకాణదారుడు.

అవునంటే చాలు. ఎందుకనలేదు? వాడి నవ్వుకు జడిశానా, లేక గెలిచిన బేరాన్ని వదులుకోవడం కంటే ఇంకొకరి తొమ్మిదేళ్లను వదిలెయ్యడమే నాకు తేలికనిపించిందా?

"కాదు భాయ్, రెండు స్క్రూలు తక్కువైనయ్."

ఇచ్చాడు. వాటికీ డబ్బివ్వలేదు.

పాత డిస్కు కాలిపోయిందని యాదగిరన్నకు చెప్పాను. ఆయన ల్యాప్‌టాప్ మూత ఒకసారి తెరిచి మూశాడు. తర్వాత, "నువ్వుండవట్టి మిషినన్న దక్కింది తమ్మీ" అన్నాడు.

ఆ పైన ట్రేసింగ్ కాగితాలు పట్టుకుని పాత గిరాకీల ఇళ్లకు తిరిగాడు, తను గీసిన డిజైన్లనే వాళ్ల జాకెట్ల మీద నుంచి మళ్లీ ఎక్కించుకోవడానికి. ఒకరోజు నేనూ తోడు వెళ్లాను, సిగ్గులేని జన్మ. బంజారాహిల్స్‌లో ఒకావిడ, "మా బట్టలతో నీకేం పని?" అని మొహం మీదే తలుపేసింది. "పాపం, ఆమెకేమెరుక" అంటూ ఆయన కాగితాలు చుట్టుకున్నాడు. నాకు తెలుసు. నోరు విప్పలేదు.

ఇప్పుడు విప్పుతున్నాను. అదీ ఆయన దగ్గర కాదు, మీ దగ్గర. డిస్కు కాలిపోలేదు. నేనే ఇచ్చేశాను.

రాశాక గుండె కాస్త తేలికైంది. ఆ తేలికకు నాకు అర్హత లేదని తెలుసు. అయినా తీసుకుంటున్నాను.