కాలవలో వేసిన నక్షత్రం

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. అరవై ఎనిమిదేళ్ళు. (నవ్వకండి. డెబ్భై రెండు దాటిన చోట నిలబడి వెనక్కి చూస్తే అది కుర్రతనమే.) అప్పట్లో మోకాళ్ళు చెప్పిన మాట వినేవి, పళ్ళు చాలావరకు నావే, ఒక అబద్ధం మొదలుపెడితే చివరిదాకా తడబడకుండా నడిపించగలిగేవాణ్ణి. ఇప్పుడు మధ్యలోనే మరిచిపోతున్నాను, అందుకని నిజం చెప్పడమే సులువుగా ఉంటోంది. మా ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిన మరుసటి ఏడు, ఒక్కడివీ ఏం చేస్తావు నాన్నా అని మా అమ్మాయి పట్టుబట్టి, విజిట్ వీసా తీయించి నన్ను దుబాయ్ పిలిపించుకుంది. మాస్కులు ముక్కుల మీంచి గడ్డాల కిందికి దిగుతున్న డిసెంబరు అది. అల్ కుసైస్‌లో అయిదో అంతస్తు ఫ్లాటు. మా అమ్మాయి ఒక క్లినిక్‌లో ఆయా పని చేసేది, అల్లుడు అల్ ఖూజ్‌లో ఒక గోడౌనుకి స్టోర్‌కీపరు. వాళ్ళకి ఒక్కతే కూతురు, పదేళ్ళది. దాన్ని నేను పిచ్చుక అని పిలిచేవాణ్ణి, ఎందుకంటే ఏ పుల్ల దొరికినా, ఏ పీచు దొరికినా ఏదో ఒకటి అల్లుతూ ఉండేది.

ఇక్కడ మా వాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. గోదావరి లంకల్లో మాది చాలా సాదా సంఘం. తెల్లబట్టలు కడతారు, నగలు పెట్టరు. మా అమ్మ మెడలో గాని చేతులకి గాని పూసంత బంగారం కూడా ఉండేది కాదు. సినిమా లేదు, డప్పు లేదు. క్రిస్మస్ నాడు కూడా మాకు చెట్టూ, కేకూ, చూరుకి నక్షత్రమూ ఉండవు. పొద్దున్నే పాట, వాక్యం. మధ్యాహ్నం అందరూ ఒకే బంతిలో కూర్చుని పప్పూ గుమ్మడికాయ పులుసూ తినడం, అంతే పండగ. వెలుగు లోపలుండాలిరా, చూరుకి కాదు అనేది మా అమ్మ. ఆ వారమే మా పిచ్చుక ఫోనులో ఒక వీడియో తెచ్చి చూపించింది. అమెరికాలో ఆమిష్ అనేవాళ్ళున్నారట, కార్లు కొనరట, గుర్రబ్బండ్లలో తిరుగుతారట, ముసలీ ముతకా పిల్లా పీచూ ఒకే చూరు కింద ఉండి, క్రిస్మస్‌కి తళుకు దీపాలేవీ లేకుండా వాక్యం చదువుకుని భోంచేస్తారట. ఆడవాళ్ళ తలల మీద తెల్లటి టోపీలు చూసి నాకు మా అమ్మ ముసుగు గుర్తొచ్చింది. వీళ్ళు మన చుట్టాలేనే, తూర్పున ఉండాల్సినవాళ్ళు పడమటికి తప్పిపోయారు అన్నాను. అది నవ్వలేదు. "వాళ్ళు నక్షత్రం కట్టుకుంటారా తాతయ్యా?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపు వంటింట్లోంచి మా అమ్మాయి, "కట్టుకోరు. మనమూ కట్టుకోం. తాతయ్య ఏం చేశాడో తెలుసు కదా," అంది.

తాతయ్య ఏం చేశాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకంటే నలభై ఏళ్ళుగా చెప్పింది నేనే. తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంటి చూరుకి ఎవరో నక్షత్రం కడితే, విశ్వాసం కోసం నేను దాన్ని పీకి నీళ్ళలో పారేశానన్నది కథ. మా అమ్మాయికి ఊహ తెలిసినప్పుడు ఆ నక్షత్రం జానెడుండేది. దాని పెళ్ళి నాటికి చేటంత అయింది. నీళ్ళు కూడా మొదట్లో కాలవ నీళ్ళే, తరవాత తరవాత గోదారి అయ్యాయి. ఇలాంటివి చెప్పేటప్పుడు వినేవాళ్ళ మొహంలో ఒక మెరుపు వస్తుంది, దాన్ని చూస్తే నా నోరు ఆగదు. అది నా బలహీనత. (బలహీనత అని ఇప్పుడంటున్నాను. అప్పట్లో వరం అనుకునేవాణ్ణి.)

ఇంతకీ మా అమ్మాయి అంత గట్టిగా ఎందుకు చెప్పిందంటే, పిచ్చుక అప్పటికే నక్షత్రం చేసేసింది. వాళ్ళ నాన్న గోడౌను నుంచి తెచ్చిన అట్టపెట్టెలు కత్తిరించి, అయిదు కొమ్ములూ మడిచి, ట్రేసింగు కాగితం అంటించి మూడు వారాలు కష్టపడింది. నా మంచం కిందే దాచింది. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, ఒక కొమ్ము వంకరగా ఉంటే సరిచేశాను కూడా. మా అమ్మాయి ఊడుస్తుంటే అది బయటపడింది. దెబ్బలాట ఏమీ జరగలేదు. తల్లి వద్దంది, కూతురు సరే అంది. ఆ సరే అనడం చూస్తే దెబ్బలాటే నయమనిపించింది. తరవాత రెండు రోజులు పిల్ల ఏమీ అల్లలేదు.

పండగకి ముందు రోజు శుక్రవారం, ఆఫీసులన్నిటికీ సెలవు. మా ఫ్లాటులో ప్రార్థన కూడిక పెట్టారు. నలభై మంది వచ్చారు. (పదిహేడు మంది. అందులో పక్క ఫ్లాటు కరెంటన్న పులుసు కోసం వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ఎలక్ట్రీషియను, మా మతం కాదు గాని మా అమ్మాయి గుమ్మడికాయ పులుసంటే ప్రాణం.) ఇళ్ళల్లో పని చేసే ఆడవాళ్ళు నలుగురైదుగురు సెలవు అడుక్కుని తెల్లచీరలతో వచ్చారు. గోడలు పల్చన కనుక గొంతు తగ్గించి పాడుకున్నాం. నడిపించింది మేమంతా గడియారం అన్నయ్య అని పిలుచుకునే సంఘ పెద్ద. ఏదో కంపెనీలో టైమ్‌కీపరు. కూలీలు ఎన్నింటికి వచ్చారో ఎన్నింటికి వెళ్ళారో రాసీ రాసీ, దేవుడి విషయంలోనూ ఆ అలవాటు పోలేదు. దేవుడు తన బతుకులో ఏం చేశాడో లేచి చెప్పుకునే సాక్ష్యానికి మనిషికి మూడు నిమిషాలు. నాలుగో నిమిషంలో దగ్గుతాడు.

నా వంతు వచ్చింది. ప్రభువు సాక్షిగా చెబుతున్నాను, ఆ రోజు చిన్నదిగానే చెబుదామనుకుని లేచాను. కానీ పదిహేడు మంది మొహాలు ఒకేసారి నా వైపు తిరిగాయి. మూడో వాక్యానికల్లా నక్షత్రం బండిచక్రమంత అయింది. గోదారికి వరదొచ్చింది. (డిసెంబరులో గోదారికి వరద రాదని అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు, అందరూ ఆ నీళ్ళు తాగినవాళ్ళే. సాక్ష్యానికి అడ్డు రాకూడదని ఊరుకున్నారు.) నక్షత్రాన్ని నెత్తిన పెట్టుకుని ఆ వరదలోకి మెడలోతు దిగాను. అక్కడితో ఆగొచ్చు కదా, ఒక మొసలిని కూడా రప్పించాను. గడియారం అన్నయ్య దగ్గడం మరిచిపోయాడు. అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. నేను గంధం పూయించుకున్న పెళ్ళిపెద్దలా కూర్చున్నాను.

అప్పుడు పిచ్చుక లేచింది. చేతిలో నక్షత్రం. నా మంచం కిందనుంచి ఎప్పుడు తెచ్చిందో చూడలేదు. "ఇది నేనే చేశాను," అంది. గొంతు సన్నగా ఉంది గాని తడబడలేదు. "తాతయ్య అంత పెద్దదే వదిలేశాడు. నాది చిన్నది. నేను కూడా వదిలేస్తాను." అని చెప్పి తలుపు వైపు నడిచింది. ఆ భవనంలో ప్రతి అంతస్తులోనూ నడవా చివర చెత్త పారేసే గొట్టం ఉంటుంది. ఇనప మూత తీసి పడేస్తే అయిదంతస్తులూ జారి కింద పెద్ద డబ్బాలో పడుతుంది. మళ్ళీ తీయడమంటూ ఉండదు. వెనకనుంచి ఎవరో ఆమెన్ అన్నారు. మా అమ్మాయి కూతురినే చూస్తోంది. ఆ మొహంలో గర్వం ఎంతో, గుండెకోత ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు. పిల్ల మొహం మాత్రం నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు అదే మొహం నాది. నీళ్ళలో చూసుకున్నాను.

"ఆగమ్మా," అన్నాను. "మొసలి లేదు."

 కరెంటన్న ఒక్కడే, మతం కాని మనిషి గనుక ధైర్యంగా, "నాకు ఎర్కే కాకా," అన్నాడు.

ఒకసారి మొదలయ్యాక మిగతాది దానంతటదే వచ్చింది. వరద లేదు, మెడలోతు లేదు, గోదారే లేదు. ఇంటి వెనక పంటకాలవ. ఆ నక్షత్రం ఎవరో కట్టింది కాదు, నేను చేసిందే. వెదురు పుల్లలు, గాలిపటాల ఎర్ర కాగితం, మైదా జిగురు. పెద్ద గుడి, అంటే వేరే సంఘం వాళ్ళ చర్చి, ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ నక్షత్రాలు వెలుగుతుంటే చూసి ఉండలేక చేసి, గొడ్లపాకలో దాచాను. మా అమ్మ చూసింది. ఎవరిదిరా ఇది అంది. నాది కాదమ్మా, పెద్ద గుడి వీధి కుర్రోళ్ళెవరో పడేసిపోయారు అన్నాను. అప్పుడు మా అమ్మ కోప్పడుంటే నా జీవితం వేరేగా ఉండేది. కోప్పడలేదు. "పాపం, ఎంత ఓపిగ్గా అంటించాడో," అంది. "ఎతుక్కుంటా ఏడుస్తా ఉంటాడ్రా. ఎల్లి ఇచ్చేసిరా."

ఎవరికిమ్మంటారు? ఆ వీధిలో రెండుసార్లు పైకీ కిందికీ తిరిగాను. ఇంటికి తీసుకెళ్ళలేను, ఇంకొకరికిచ్చేందుకు మనసొప్పదు. చివరికి కాలవలో వేశాను. వెదురు కదా, మునగదు. తేలుకుంటూ నాకంటే ముందు మా ఇంటి వైపే బయల్దేరింది. మట్టిగడ్డలు విసురుతూ గట్టు మీద దాని వెంట పరిగెత్తాను. రేవులో మా అమ్మ గిన్నెలు తోముతోంది. నక్షత్రం ఆవిడ ముందునుంచే పోయింది. చేతిలో గిన్నె పక్కన పెట్టి, అది వంతెన కిందికి పోయేదాకా చూసింది. ఇచ్చేశావా అని అడగలేదు. నా జుట్టులో అంటుకున్న ఎర్ర కాగితం ముక్క మాత్రం తీసి పారేసింది.

"విశ్వాసం కోసం కాదమ్మా," అన్నాను పిచ్చుకతో. "అబద్ధం దాచుకోవడానికి. మా అమ్మ మంచాన పడ్డాక, పోయే ముందు అంది: ఆ పొద్దు నాదే అని ఒక్క మాట అనుంటే ఉండనిచ్చేదాన్నిరా, చూరుకి నేనే కట్టేదాన్ని అని. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

 అప్పుడు మా అమ్మాయి మాట్లాడింది. "నాలుగో క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల నాకు గాజులిచ్చింది నాన్నా. ఆకుపచ్చవి. నీ కథ తలుచుకుని బెంచీ కిందే వదిలేసి వచ్చాను." కోపంగా అనలేదు. వంటింట్లో ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.  తల వంచుకుని నా చేతులకేసి చూసుకున్నాను.

తరవాత మా అమ్మాయి కూతురి వైపు తిరిగింది. "ఎవరిదే అది?" అంది.

"నాదే," అంది పిచ్చుక.

"అయితే తెచ్చి కట్టు."

అందరూ గడియారం అన్నయ్య వైపు చూశారు. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు, కిటికీ చూశాడు, మళ్ళీ గడియారం చూసుకున్నాడు. నా సాక్ష్యం పంతొమ్మిది నిమిషాలు పట్టిందని ప్రకటించాడు. (ఇది పెంచి చెప్పింది కాదు, ఆయన లెక్క.) ఆ తరవాత, "మీ అమ్మగారు అనేవారని చెబుతుంటారు కదా, వెలుగు లోపలుండాలని. గది లోపలే కట్టండి," అన్నాడు. అంత పెద్ద చిక్కుని అంత చిన్న మాటతో విప్పినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. కరెంటన్న పులుసు గిన్నె వదిలి వాళ్ళ ఫ్లాటుకి పోయి చిన్న బల్బూ వైరూ పట్టుకొచ్చాడు. "గట్ల గాదు పిల్లా, వైరు కనబడొద్దు. జరుగు, నేను వెడ్త," అని కిటికీ పైన బిగించి, ఖలాస్ అని చేతులు దులుపుకున్నాడు. నేను సరిచేసిన కొమ్ము ఇంకా వంకరగానే ఉంది. మా అమ్మాయి దాని కింద నిలబడి, వాళ్ళ నానమ్మ, అంటే మా అమ్మ, పాడే పాట ఎత్తుకుంది. చాలా మెల్లగా.

ఆ తరవాత ఏటా డిసెంబరుకి విజిట్ వీసా మీద వెళ్ళి వస్తున్నాను. పిచ్చుకకి ఇప్పుడు పద్నాలుగు. నక్షత్రం అదే, బల్బులు మారుతున్నాయి. సాక్ష్యం మాత్రం ఇప్పుడు పిచ్చుకే చెబుతోంది. దాని ప్రకారం ఆ రోజు నేను బకెట్టు నిండేలా ఏడ్చాను. అన్యాయం, గ్లాసుడు కూడా ఉండదు. పెంచి చెప్పొద్దని దానికి చెప్పే అర్హత నాకెక్కడిది?

పోయిన ఏడు కూడికకి బనియాస్ నుంచి కొత్తగా ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ నాలుగేళ్ళ పిల్లాడు కిటికీ కింద నోరు తెరుచుకుని నిలబడి, ఎవరిదీ నక్షత్రం అని అడిగాడు. పిచ్చుక జవాబు చెప్పబోయింది. ఈలోపే నా నోటినుంచి వచ్చేసింది.

"నాదే."

అరవై ఏళ్ళ కిందట గొడ్లపాక దగ్గర అనాల్సిన మాట. అప్పుడనుంటే నిజమయ్యేది. పిచ్చుక నా వైపు తిరిగి ఒక్క క్షణం చూసింది. మా అమ్మ కళ్ళే దానివి. తరవాత నా మాట కాదనకుండా, ఆ పిల్లాణ్ణి దగ్గరగా చూడమని ఎత్తుకుంది.