మంచి గాలి కోసం వచ్చిన పిల్ల

మా అనంతపురంలో ఎవరైనా నీళ్ల మాట ఎత్తితే తల దించుకుంటాం. గాలి మాట ఎత్తితే మాత్రం రొమ్ము విరుచుకుంటాం. చుట్టూ గుట్టల మీద గాలిమరలు తిరుగుతుంటాయి కదా, ఇంకేం సాక్ష్యం కావాలి! వాన ముఖం చాటేసిన ఏడు కూడా గాలి మమ్మల్ని మరిచిపోదు. అయితే వట్టి చేతులతో రాదు, ఊరి బయట బీడుపడ్డ చేలల్లోని మట్టిని వెంటబెట్టుకుని వస్తుంది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పొద్దున మిషను పక్కన పెట్టిన తెల్ల లైనింగు గుడ్డ సాయంత్రానికి ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఆ గుడ్డను దులిపి చూసుకుంటూనే "మీ ఇంటికి గాలి బాగొస్తాదక్కా" అని మెచ్చుకుని పోతారు.

మా నాయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా డీజిలు పొగలో గడిపినా ఒక్క బీడీ ముట్టలేదు, కాబట్టి తన రొమ్ముకు ఏమీ కాదని గట్టి నమ్మకం. దగ్గు వస్తే అది చల్లనీళ్ల వల్ల. ఇంట్లో కూర్చోలేక వీధి శుభ్రత భారం తన నెత్తిన వేసుకున్నాడు. ఎవరూ వేయలేదు.

మా వీధికి ఒక పద్ధతి ఉంది. తెల్లవారగానే ఎవరి వాకిలి ముందు వాళ్లు ఊడుస్తారు. ఊడ్చే ముందు నీళ్లు చల్లాలని అందరికీ తెలుసు. కానీ కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో మట్టి మీద నీళ్లు చల్లేంత గొప్పవాళ్లు మా వీధిలో లేరు. అందుకని పొడి ఊడుపే. అందరూ ఒకేసారి చీపురు పడితే లేచే దుమ్ములో ఎదురింటి గడప కనబడదు. వేపాకు, పాల ప్యాకెట్లు, శనక్కాయ పొట్టు, పాత చెప్పులు అన్నీ ఒక కుప్పగా చేరుస్తారు. అప్పుడు మా నాయన లుంగీ ఎగగట్టి వచ్చి అగ్గిపుల్ల గీస్తాడు. ఆ పొగకు దోమలు పోతాయని, రోగాలు పోతాయని మా వీధి నమ్మకం. కుప్ప బాగా అంటుకున్నాక అందరూ లోపలికి పోయి దగ్గుకుంటూ కాఫీ తాగుతారు.

చలికాలంలో టీవీలో ఢిల్లీ పొగ చూపిస్తారు. ఎదురింటామె మా ఇంటికి వచ్చి, కుర్చీ లాక్కుని మరీ చూస్తుంది. "ఏం బతుకు బతుకుతాండారప్పా వాళ్లు!" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. మంచి మనిషే, జాలి కూడా ఉంది. కానీ ఆ కన్నీళ్లు ఢిల్లీ కోసం కాదు, కిటికీలోంచి మా కుప్ప పొగ లోపలికి వస్తుంటుంది. ఇంక మా ఊరి ఆడపిల్లలు స్కూటీ మీద పోయేటప్పుడు కళ్లు తప్ప ముఖమంతా చున్నీ చుట్టుకుంటారు. దుమ్ముకని మీరనుకుంటే పొరపాటు. ఎండకు నల్లబడతామని.

ఇలాంటి వీధికి, మొన్న దసరా సెలవుల్లో, మా చెల్లెలి కూతురు మంచి గాలి కోసం వచ్చింది.

చెల్లెలి కాపురం బెంగుళూరులో, ఫ్లైఓవరు పక్కనే ఇల్లు. పిల్ల నాలుగో తరగతి. సీజను మారితే చాలు, రొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. ఈసారి మరీ ఎక్కువైందని చెల్లెలు ఫోనులో ఏడ్చింది. నాయన నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"ఆ ఊర్లో గాలి యాడుండాదమ్మా? అంతా పొగే. పిల్లను ఈడికి తెచ్చిడ్సు. మనూరి గాలికి పది దినాల్లో గుర్రం మాదిరి అయితాది చూడు."

చెల్లెలు పిల్లతోపాటు ఇన్‌హేలరును కూడా తెచ్చింది. ఎప్పుడు ఇవ్వాలో, ఎలా పీల్పించాలో నాకు చూపించి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, నాయన దాన్ని తీసి బీరువా మీద పెట్టేశాడు.

"ఇది అలవాటైతే జన్మంతా ఇడవదు. ఈడ దీంతో పనేముండాది?"

"అది సిగరెట్టు కాదు నాయనా, డాక్టరు రాసిచ్చింది" అన్నాను.

"ఆ డాక్టరు బెంగుళూరు డాక్టరు. ఆయప్పకు మన గాలి సంగతి ఏం తెలుసు?"

పిల్ల మరుసటి రోజు పొద్దునే దగ్గడం మొదలుపెట్టింది. నాయన బెదరలేదు. "బెంగుళూరు పొగ బయటికి వస్తాండాది. రానీ" అన్నాడు. ఆ మర్నాడు దగ్గు ఎక్కువైంది. ఎదురింటామె వాకిట్లోంచే "ఎంత పొగ పట్టిందో పాపం బిడ్డకు! పోతాండాదిలే, మంచిదే" అని ధైర్యం చెప్పింది. పిల్ల ఎంత దగ్గితే బెంగుళూరు అంత ఖాళీ అవుతున్నట్టు వీధంతా లెక్కేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఇన్‌హేలరు దించి పీల్పిద్దామని నాయనతో అన్నాను. కుట్టుపని చేసుకునేదానికి రోగాల సంగతి ఎందుకన్నాడు. బస్సు నడిపినవాడికి మాత్రం ఎందుకని నేనన్నాను. ఇన్‌హేలరు మాత్రం బీరువా మీదే ఉండిపోయింది.

ఆదివారం పిల్లకు తలంటు పోశాను. బయట గాలి దుమారం రేగుతోంది. దుమ్ము పిల్లకు పడదు కదా అని నాయన కిటికీలూ తలుపులూ అన్నీ మూశాడు. ఆ జాగ్రత్త చూసి నేను కూడా సంతోషించి మిషను దగ్గర కూర్చున్నాను. ఆయన జాగ్రత్త అక్కడితో ఆగలేదు. ఎదురింటి నుంచి నిప్పులు తెప్పించి, సాంబ్రాణి, దాని మీద గుప్పెడు వాము వేసి, మూసిన గదిలో పిల్ల జుట్టు విరబోసి పొగ పట్టాడు. దుమ్ము శత్రువు, పొగ చుట్టం. మా ఇంటి వైద్యం అంతా ఆ ఒక్క ముక్కే.

కాసేపటికి పిల్ల గదిలోంచి వచ్చి నా మిషను బల్ల పట్టుకుని నిలబడింది. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. "పెద్ద..." అంది, మిగతా సగం అనడానికి ఊపిరి చాలలేదు. పెదవుల రంగు మారిపోయింది. అంత భయం నేను బతుకులో ఎప్పుడూ ఎరగను. కుర్చీ ఎక్కి బీరువా మీది ఇన్‌హేలరు తీసి పీల్పించి, తడి జుట్టుతోనే ఆటో ఎక్కించాను. నాయన చెప్పులు కూడా లేకుండా వెనకే ఎక్కాడు.

ఆసుపత్రిలో పిల్లకు మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించారు. డాక్టరు నాయన వైపు తిరిగాడు.

"ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా పెద్దాయనా?"

"మా వంశంలోనే బీడీ ముట్టినోడు లేడు సార్" అన్నాడు నాయన, అంత కంగారులోనూ కొంచెం నిటారుగా నిలబడి.

డాక్టరు వంగి పిల్ల జుట్టు వాసన చూశాడు. "మరి ఇదేంది?"

"సాంబ్రాణి సార్. నేనే వేసినా. కిటికీలన్నీ మూసి, బాగా పట్టిచ్చినా."

డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే నాయన జవాబు చెప్పేవాడు. "ఏ పొగైనా ఈ పాప రొమ్ముకు ఒకటే. వీధిలో కాల్చినా, ఇంట్లో దేవుడి ముందు వేసినా" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. నాయన పిల్ల కాలి వేళ్లు పట్టుకుని, ఆమె రొమ్ము లేచి పడటం చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం ఇంటికి పంపేదాకా అక్కడినుంచి లేవలేదు.

మర్నాడు తెల్లవారి యథాప్రకారం వీధి ఊడుపు మొదలైంది. నాయన బయటికి రాలేదు. "ఆసుపత్రి తిరిగి అలిసినాడు పాపం, ఈపొద్దు మేము చేస్తాంలే" అని ఎదురింటామే దయతలచి కుప్పకు అగ్గి పెట్టింది. పొగ నేరుగా మా వాకిలికి తిరిగింది. లోపల పిల్ల దగ్గింది.

నాయన వంటింట్లోంచి బిందె ఎత్తుకుని వచ్చాడు. అవి తాగే నీళ్లు. బియ్యం కడిగిన నీళ్లు కూడా మొక్కకు పోయించే మనిషి, గ్లాసులో గుక్కెడు మిగిల్చితే మమ్మల్ని కసిరే మనిషి, నిండు బిందెను మంట మీద కుమ్మరించాడు. కుప్ప బుస్సుమని ఆరిపోయింది. వీధిలో చీపుళ్లన్నీ ఆగిపోయాయి.

"అన్నా! మంచినీళ్లన్నా అవి!" అని ఎదురింటామె గుండెలు బాదుకున్నంత పని చేసింది.

"తెలుసు" అన్నాడు నాయన. ఖాళీ బిందె పట్టుకుని లోపలికి వచ్చేశాడు.

ఆ తర్వాత మా వీధిలో నడిచిన చర్చంతా ఆ బిందె నీళ్ల గురించే. ముసలాయనకు మతి చెడిందన్నారు, పిల్ల మీద దిష్టి తీసి పోసినాడేమో అన్నారు. పొగ గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. కుప్పను వీధి చివరికి మార్చారు. మా ఊరి గాలికి అదొక దూరమా!

మధ్యాహ్నం చెల్లెలు ఫోను చేసింది. జరిగిందంతా ముందురోజే చెప్పాను. ఏడ్చింది, తిట్టింది, చివరకు మెత్తబడింది. నాయనతో మాట్లాడుతుంటే ఆమె గొంతు నాకూ వినబడుతోంది.

"అయినా ఈడ ఫ్లైఓవరు పక్కనే గదా నాయనా ఇల్లు. ఆ సాంబ్రాణి ఒకటి మానుకుంటే చాలదా? ఇంకో వారం ఆడే ఉంచుకో. ఎంతైనా మనూరి గాలి మంచిది."

నాయన వాకిట్లోకి చూశాడు. వీధి చివర కుప్ప ఇంకా రాజుకుంటూనే ఉంది.

"వచ్చి తీసకపో తల్లీ" అన్నాడు. "ఇన్నాళ్లూ ఈడ నీళ్లొకటే లేవనుకుంటి."