ఎర్రగుడ్డ కట్టని ఎండాకాలం

కంచరపాలెంలో మా చిన్నప్పుడు... ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మున్సిపాలిటీ బంట్రోతు వచ్చి రైలుగేటు పక్క స్తంభానికి ఓ ఎర్రగుడ్డ కట్టేవాడు. అది కట్టాక ఎడ్లబండి ఏదీ కదలకూడదు. పోర్టు నుంచి బస్తాలు తోలే బండ్లన్నీ ఎక్కడివక్కడ కాడి దించేసేవి. ఎండ చల్లబడి గుడ్డ విప్పాకే మళ్ళీ ప్రయాణం.

మా నాన్నదీ ఎడ్లబండే. మైలోడు, బూరోడు అని మంచి జత... బడి సెలవులు కదా, అమ్మ కలిపిన కుడితి నేనే మోసుకెళ్ళేదాన్ని. బూరోడు బుద్ధిగా తాగేవాడు. మైలోడు మూతి ముంచి తల విదిలిస్తే నా పరికిణీ అంతా తవుడే. తిట్లు మాత్రం నాకు, వాడికి కాదు.

నిజం చెప్పాలంటే, మొదట్లో ఆ రూలంటే నాన్నకి ఒళ్ళుమంట. "నా ఎద్దు ఎప్పుడాగాలో ఆళ్ళేటి సెప్పేది?" అని సణిగేవాడు. పోనుపోను అలవాటైంది. బండి కింద తువ్వాలు పరుచుకుని హాయిగా ఓ కునుకు తీసేవాడు.

ఓ ఏడాది ఎండలు ముదిరినా ఎర్రగుడ్డ కట్టలేదు. సరుకు తోలించుకునే కాంట్రాక్టర్లు పైకి ఫిర్యాదు చేశారట. ఎడ్ల పని మీద రూలు పెట్టే అధికారం రాష్ట్రానిదే గానీ ఊరిది కాదని హైదరాబాద్ నుంచి ఆర్డరొచ్చింది. రాష్ట్రం రూల్లో బండి మీద బరువు గురించి ఉందట... మధ్యాహ్నం ఎండ ఊసే లేదట. నాన్న వెళ్ళి మా వార్డు కౌన్సిలర్‌ని అడిగాడు.

"నానేటి సెయ్యను బావా... మన సేతిలో నేదు," అన్నాడాయన.

"ఎండ కాసేది ఇక్కడ. రూలు అక్కడేటి బావా?"



రూలున్నప్పుడు అందరూ ఆగేవారు, అందుకని ఎవరికీ నష్టం లేదు. అది పోయాక, ఆగినవాడి సరుకు పక్కబండికి పోయేది. నాన్న కొన్నాళ్ళు పంతం పట్టి ఆగాడు. ఆయనకి సరుకివ్వడమే మానేశారు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా... ఆయనా మిట్టమధ్యాహ్నం కాడి కట్టాడు.

ఆ రోజు నేను కుడితితో వెళ్ళేసరికి బండి గేటు దాటి ఎత్తు మీద నిలిచిపోయి ఉంది. మైలోడు రోడ్డు మీద పడి ఉన్నాడు. నాన్న కాడి తప్పించి, వాడి తల ఒళ్ళో పెట్టుకుని తువ్వాలుతో విసురుతున్నాడు. కుడితి మూతికి ఆనించాను. తాగలేదు. కాసేపటికి నాన్న విసరడం ఆపేశాడు.

"నాను ఆగిపోయుంటే బాగుణ్ణే గుంటా..." అన్నాడు నాతో. నాన్న ఏడవడం నేను అప్పుడే చూశాను.

జత పోయిన బూరోడిని సంతలో అమ్మేశాడు. తర్వాత స్టీలుప్లాంటు కట్టుబడికి కూలీగా వెళ్ళాడు గానీ మళ్ళీ ఎద్దుని కొనలేదు. నాకైతే ఇప్పటికీ ఆ ఆర్డరు మీద కోపం పోలేదు.

ఇప్పుడా రోడ్డు నిండా లారీలు, ఆటోలు... ఊరు రూలు పెట్టాలా, రాష్ట్రం పెట్టాలా అని తగువు పడ్డానికి ఒక్క బండెద్దూ మిగల్లేదు. మీ ఇంట్లోనూ ఎడ్లుండేవా? ఉంటే వాటి పేర్లు కింద రాయండి... బతికున్నప్పుడు వాటి మాట ఎవరూ అడగలేదు, పేర్లైనా ఒకచోట ఉండనీ.