చుట్టాల వాటా చాక్లెట్లు

ఆ రోజుల్లో వీధిలో మనిషి కనబడితే అవతలి పక్కకు దాటిపోవడమే మర్యాద. కరోనా కాలం కదా. మామూలుగా ఐర్లండ్ జనం దారినపోయేవాణ్ణి ఆపి మరీ వాన గురించి పావుగంట మాట్లాడే రకం. అలాంటివాళ్ళే దూరం నుంచి చెయ్యూపి గబగబా వెళ్ళిపోయేవారు. మెయ్‌నూత్ అనే ఊళ్ళో చదువు ముగించి, అప్పుడే ఒక కంప్యూటర్ ఉద్యోగంలో చేరినవాణ్ణి నేను. ఒంటరితనం లాంటివి ముసలివాళ్ళకొచ్చే జబ్బులని నా అభిప్రాయం. ఉద్యోగం ఇంటి నుంచే. పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చుని "నా మాట వినబడుతోందా?" అని అడిగేవాణ్ణి. వినబడుతోందని ఎవరో అనేవారు. అమ్మ ఫోన్ చెయ్యని రోజుల్లో నాతో ఎవరైనా మాట్లాడింది ఆ ఒక్క ముక్కే.

నా దగ్గరున్న ఆస్తి మాత్రం ఒక పెట్టెడు చాక్లెట్లు. ఉగాదికి ఇంటికి వెళ్దామని టికెట్ కొనుక్కుని, అందరికీ తలా ఒకటి కొని సర్దుకున్నాను. మా చుట్టాల్లో విదేశం నుంచి వచ్చినవాడు ఇంటింటికీ చాక్లెట్లు పంచాలి, అదీ వరస తప్పకుండా. ఒకసారి దుబాయ్ నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు పెద్దత్తకు చిన్న ప్యాకెట్టూ, ఆవిడ తోడికోడలికి పెద్ద డబ్బా ఇచ్చాడు. పెద్దత్త ఆ పిన్ని వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళలేదు సరికదా, వెళ్ళిన మా నాన్నతో కూడా కొన్నాళ్ళు మాట్లాడలేదు. అందుకని నేను ప్రతి ప్యాకెట్టు మీదా పేరు రాసి అంటించాను. ఇంతలో విమానాలు ఆగిపోయాయి. ఇంటికి కాస్త దూరం వెళ్తే చాలు, గార్డులు (ఇక్కడి పోలీసులు) ఆపి ఎక్కడికని అడిగే రోజులు వచ్చాయి.

ఇంట్లో నాతోపాటు అద్దెకుండే మిత్రులిద్దరూ ముందుచూపున్నవాళ్ళు. కార్క్ నగరంలో ఒకడి అన్నగారి ఇంటికి చేరుకున్నారు. నన్నూ రమ్మన్నారు గానీ, "ఎందుకురా, రెండు వారాల్లో అంతా సర్దుకుంటుంది" అన్నాను. (నా జోస్యాలన్నీ ఇలాగే ఉంటాయి.) అమ్మకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు. పరాయి దేశంలో, ఈ రోగాల కాలంలో, కొడుకు ఒక్కడే ఒక ఇంట్లో ఉన్నాడని తెలిస్తే ఆవిడకు నిద్ర ఉండదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఖాళీ వంటింటి వైపు తిరిగి, "ఒరేయ్, ఆ టీవీ కాస్త తగ్గించండ్రా!" అని కసిరేవాణ్ణి. అక్కడ టీవీయే లేదు. అమ్మ పాపం, "పోనీలేరా, పిల్లల్ని చూడనీ" అనేది.

అలా ఉండగా ఒక ఆదివారం చాక్లెట్ తినాలనిపించింది. ప్రెస్‌లో (ఇక్కడ వంటింటి అల్మారాను అలాగే అంటారు) పప్పూ ఉప్పూ తప్ప ఏమీ లేవు. పెట్టె తెరిచాను. పైనే తెనాలి మావయ్య వాటా ఉంది. చేతిలోకి తీసుకున్నాను గానీ ఆయన పేరు చూస్తూ కాగితం చించబుద్ధి కాలేదు. ఫోన్ చేశాను.

"మావయ్యా, మీ వాటా చాక్లెట్ నేను తినొచ్చా?"

"ఓరి నీ దుంప తెగ! దీనికి ఐర్లండ్ నుంచి ఫోనా? తినరా నాయనా" అని ఆయన పెట్టేయబోయాడు.

తెలుగులో ఒక మనిషి మాట్లాడుతున్నాడు, అప్పుడే వెళ్ళిపోతున్నాడు! ఆయన్ను ఆపడానికి విషయం కావాలి. కరోనా ముచ్చట్లతో అందరూ విసిగిపోయి ఉన్నారు. చేతిలో ఉన్నది చాక్లెట్. "అసలు ఈ కంపెనీ ఎలా పుట్టిందో తెలుసా మావయ్యా?" అన్నాను. అప్పటికి నాకూ తెలియదు. లాప్‌టాప్‌లో వెతుక్కుంటూ, చదువుకుంటూ, అన్నీ తెలిసినవాడిలా చెప్పుకుపోయాను. ఇంగ్లండులో ఒక దైవభక్తి గల కుటుంబం ఉందనీ, జనం సారాయి తాగి పాడైపోతున్నారని బాధపడి, దానికి బదులు తాగడానికి టీ, కాఫీ, కోకో అమ్మే కొట్టు పెట్టారనీ, తర్వాత కొడుకులు కార్మికుల కోసం తోటల మధ్య ఒక ఊరే కట్టించి అందులో సారాకొట్టు లేకుండా చేశారనీ చెప్పాను.

మావయ్య శ్రద్ధగా విని, "మందు లేని ఊరా? మన తెనాలిలో కడితే వాచ్‌మన్ కూడా ఉండడు" అన్నాడు. "అయితే ఇంగ్లీషువాళ్ళ చాక్లెట్ ఐర్లండులో కొన్నావేంట్రా?" అనీ అడిగాడు. ఇక్కడా ఫ్యాక్టరీ ఉందనీ, పాలు ఇక్కడి ఆవులవేననీ, ఇక్కడివాళ్ళు తమదే అసలు రుచని పోట్లాడతారనీ చెప్పాను. ఆ రోజు చాక్లెట్ ఎంత బాగుందో చెప్పలేను.

ఇక నాకు దారి దొరికింది. ఒక్కో ప్యాకెట్టుకు ఒక్కో ఫోన్. అనుమతి అడగడం, అక్కడి నుంచి కంపెనీ చరిత్రలోకి దిగడం. పెద్దత్త దగ్గర మాత్రం కథ ఒక పట్టాన సాగేది కాదు. "అన్నదమ్ములిద్దరూ ఒకే కొట్టు నడిపారా? వేరు పడలేదా? కోడళ్ళు ఊరుకున్నారా?" అని అడ్డుపడేది. కోడళ్ళ సంగతి నేను చదవలేదన్నాను. "చదివి చెప్పు. ఇక్కడ సీరియళ్ళు కూడా ఆగిపోయాయి" అంది. మర్నాడు నేను చెయ్యకముందే ఆవిడే చేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది. పెట్టెలో ప్యాకెట్లు తగ్గుతున్నకొద్దీ నాకు బెంగ పట్టుకుంది. ఇవి అయిపోతే ఎవరికి, ఏ వంకతో ఫోన్ చెయ్యాలి? ఆకలేసినా చాక్లెట్ ముట్టకుండా, మాట్లాడాలనిపించినప్పుడే తినడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం అమ్మ వీడియోలో ఫోన్ చేసింది. అలవాటు ప్రకారం వంటింటి వైపు తిరిగి కసరబోతున్నాను.

"ఆపరా. పక్కన ఇద్దరు స్నేహితులున్నవాడు పెద్దత్తకి ఫోన్ చేసి గంటసేపు చాక్లెట్ కంపెనీ చరిత్ర చెప్తాడట్రా?"

వంటింటి వైపు తిప్పిన తల ఇటు తిప్పుకున్నాను.

"ఫోన్ ఇల్లంతా ఒకసారి తిప్పు."

తిప్పాను. ఖాళీ సోఫా, తలుపులు వేసిన రెండు గదులు, సింకులో ఒక్క కంచం. "భయపడతావని చెప్పలేదమ్మా" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"సరే, కూర్చో" అంది. "అందరికీ చెప్పావు, నాకు చెప్పలేదు. ఆ కంపెనీ కథేంటో మొదటి నుంచి చెప్పు." ఫోన్‌ను పోపుల డబ్బాకు ఆనించి చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

చెప్పాను. కొట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి, వ్యాపారం దెబ్బతిని మూతపడబోయిన రోజుల దాకా వచ్చాను. నిజానికి ఆ అన్నదమ్ములు కొట్టును నిలబెట్టింది, చనిపోయిన తల్లి తమకు వదిలివెళ్ళిన డబ్బుతో. ఈ ముక్క మావయ్యకూ పెద్దత్తకూ మహా ఉత్సాహంగా చెప్పినవాణ్ణే, ఆవేళ అమ్మ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. ఎలాగో నిలదొక్కుకున్నారని దాటేసి, ఊరు కట్టించడంలోకి దూకాను.

అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "మధ్యలో తల్లి డబ్బు సంగతి వదిలేశావేం?"

"నీకు కథంతా తెలుసా?"

"మీ పెద్దత్త రెండుసార్లు చెప్పింది. మావయ్య ఒకసారి. నువ్వు చెప్పగా వినలేదు కదా. ఊఁ, చెప్పు."

అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వుతోపాటు కాస్త జాలీ వేస్తుంది. ఒంటరిగా ఉన్నానని ఎవరికీ తెలియకూడదని, ఊళ్ళో ఉన్న చుట్టాలందరికీ వరసపెట్టి ఫోన్లు చేసిన తెలివి వాడిది.