ఏకగ్రీవంగా ఎన్నికైనవాణ్ణి

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే దమ్మే ఉంటే ఈ బరువు ఇన్నేళ్లు నా గుండెల మీద ఎందుకు కూర్చుంటుంది?

పోయిన నెల మా ఊరి హైస్కూల్లో నన్ను స్టేజీ ఎక్కించారు. బద్వేలు వైపు ఊరు, పేరు వద్దు. స్కూల్ లీడర్ ఎన్నిక ఈసారి ఏకగ్రీవమైందట. పాత లీడర్‌నని నాకు శాలువా. ఈయన కూడా ఆ రోజుల్లో ఏకగ్రీవమేనని హెడ్మాస్టరు మైకులో చెప్పగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒళ్లు మండిపోయింది. ఆ శాలువా తీసి విసిరికొట్టాలనిపించింది. కొట్టానా? నవ్వుతూ దండం పెట్టాను.

ఏకగ్రీవం ఎలా అవుతుందో మా వైపు వాళ్లకు వేరే చెప్పాలా? పోటీకి దిగినవాళ్లను వాళ్ల ఇంట్లోవాళ్ల చేతే వెనక్కి లాగిస్తారు. సర్పంచ్ ఎన్నికలప్పుడు మా నాయన దగ్గర చూసి నేర్చుకున్నాను. పదో తరగతిలోనే వాడేశాను.

నాకు పోటీగా నిలబడింది షంషాద్. నా క్లాసే. నాకు ఆ పదవి ఎందుకు కావాలి? ప్రేయర్‌లో అందరి ముందు నిలబడి సావధాన్, విశ్రామ్ అని అరవడానికి. ఇంకేమీ లేదు. ఆమెకు మాత్రం ఒక పని ఉంది. ఆడపిల్లల బాత్రూం తాళంచెవి స్టాఫ్‌రూంలో మేకుకు వేలాడేది. కావాలంటే మగ సార్ల ముందు నిలబడి అడగాలి. అడగలేక ఆ పిల్లలు మా ఎండల్లో పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్లు తాగేవాళ్లు కాదు. ఆ తాళంచెవి ఆడపిల్లల చేతికే ఇప్పిస్తానని ఆమె ప్రతి క్లాసుకూ వెళ్లి చెప్పింది. నా పక్క బెంచీవాడు కూడా ఆమెకే ఓటేస్తానన్నాడు.

ఓడిపోతానని తెలిసిపోయింది. ఇంట్లో అన్నం తింటూ ఒక్క మాట అన్నాను, ఖాదర్ మామ కూతురు నా మీద నిలబడిందని. షంషాద్ తండ్రి ఖాదర్ మామ టైలరు. మా ఎరువుల అంగడి వసారాలో మిషను వేసుకుని కుట్టేవాడు. మా నాయన సరేనన్నంత కాలమే ఆ చోటు ఆయనది. నా మాట ఏం చేస్తుందో నాకు తెలియదా? తెలిసే అన్నాను. చిన్నతనం, ఏదో నోరు జారిందని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! అదీ అబద్ధమే.

మర్నాడు అంగట్లో బస్తాల మీద కూర్చుని అంతా విన్నాను. మా నాయన గొంతు కూడా పెంచలేదు. "ఏమప్పా ఖాదరూ, పాపకు నచ్చజెప్పుకో. నేను చెప్పినానని మాత్రం చెప్పగాకు" అన్నాడు. ఖాదర్ మామ మిషను ఆపి, సరేనని, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

షంషాద్ పేరు వెనక్కి తీసుకుంది. ఇంతటితో ఆగి ఉంటే మా వైపు ఇవి మామూలేనని సర్దుకునేవాణ్ణేమో. ఆ సాయంత్రం ఆమె సైకిళ్ల దగ్గర నన్ను ఆపింది.

"నిజం చెప్పు. మీ నాయన మా నాయనను ఏమన్నా అన్నాడా?"

"మా నాయనకేం పని? ఆయనకు తెలీనే తెలీదు."

"మరి మా నాయన ఎందుకు వద్దంటాండాడు? మొన్నటిదాకా ఆయనే నాతో స్పీచు చదివించినాడే."

"ఆడపిల్ల స్టేజీ ఎక్కితే పరువు పోతాదని మీ నాయనే అంగట్లో అంటాంటే విన్నా."

నమ్మింది. నమ్మినట్టు ముఖంలోనే తెలిసింది.

పదవి కొట్టేశాను, సరే. ఆమె తండ్రిని కూడా ఎందుకు లాక్కున్నాను? నాకు తెలియదని ఊరుకుంటే సరిపోయేది కదా? ఆ క్షణంలో అంత చక్కని అబద్ధం నా నోటికి ఎక్కడి నుంచి వచ్చింది? ఎంత ఆలోచించినా, నాలోంచే వచ్చిందని తప్ప ఇంకో జవాబు దొరకదు.

షంషాద్ ఇప్పుడు కర్నూల్లో నర్సు. ఆ సాయంత్రం నుంచీ తండ్రితో మాటలు లేవు, తల్లితోనే ఫోన్లో మాట్లాడుతుంది. నిరుడు రంజాన్‌కు వచ్చి, తండ్రి కుట్టిన డ్రెస్సు మడత కూడా విప్పకుండా వదిలేసి పోయిందని ఆ తల్లి మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. నేను ఎదురుగానే ఉన్నాను. కాఫీ తాగుతున్నాను.

మా నాయన పోయాడు. అంగడి నాది. వసారాలో ఖాదర్ మామ ఇంకా కుడుతూనే ఉన్నాడు. ఆ చోటు ఇప్పుడు నా చేతిలో ఉంది కాబట్టి ఇంకా నోరు విప్పడు. పొద్దున్నే నాకు సలాం పెడతాడు. పెట్టినప్పుడల్లా ఆయన మీదే కోపం వస్తుంది. నన్ను తిట్టవేం, నీ కూతురికి చెప్పవేం అని అరవాలనిపిస్తుంది. తప్పు నాది, కోపం ఆయన మీద. ఇంత సిగ్గులేనివాణ్ణి!

ఇది చదివి మీరు జాలిపడొద్దు. నన్ను క్షమించమని ఎవరినీ అడగను, ఆ హక్కు నాకు లేదు. రేపు కర్నూలు వెళ్లి ఆమెకు ఎదురుగా చెబుతానా? ప్రమాణం చేయలేను, నా పిరికితనం నాకు తెలుసు. కానీ ఒక్కసారి, ఇక్కడైనా, ఆ మాట అనేస్తాను.

షంషాద్, మీ నాయన ఏ పొద్దూ ఆ మాట అనలేదు. నేనే పుట్టించినా.