కత్తెరమ్మ తలలో నూగు

వెల్వెట్ బట్టను కోసే ముందు చంటిపిల్ల తల నిమిరినట్టు నిమరాలి. ఒకవైపు నిమిరితే మెత్తగా అరచేతికి లొంగుతుంది, రెండోవైపు నిమిరితే గరుకుగా ఎదురు తిరుగుతుంది. నూగు ఎటు వాలిందో అలా తెలుస్తుంది. కోటు ముక్కలన్నీ ఒకే వాలుకు కోస్తేనే రంగు ఒకటిగా కనబడుతుంది.

ఆ దుకాణంలో కోయడం అక్క పని, కుట్టడం చెల్లెలి పని. అక్కను వీధి వీధంతా కత్తెరమ్మ అనేది. ఇద్దరికీ పెళ్లి ధ్యాస లేదు. కింద దుకాణం, పైన రెండు గదులు, మధ్యలో కిర్రుమనే మెట్లు. వచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచేలోపు కత్తెరమ్మ కంటితోనే కొలత తీసేసేది. టేపు పట్టేది మర్యాద కోసమే. ఆమె కత్తెరను ఆమె తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు.

ఒక చలికాలపు పొద్దున చెల్లెలు కుట్టడం ముగించి, కోటును బొమ్మకు తొడిగి వెనక్కి జరిగింది. వెనకభాగం ముదురు నీలం. ముందుభాగం తెల్లవారబోయే ఆకాశంలా లేత నీలం.

“అక్కా, రెండు తానుల్లోంచి కోశావా?”

“ఒకటే తాను. నీ కళ్లకు పొరలొచ్చాయేమో చూపించుకో.”

“నా కళ్లు బాగానే ఉన్నాయి. ముందు ముక్కలు తలకిందులుగా కోశావు.”

కత్తెరమ్మ వచ్చి కోటు మీద చెయ్యి వేసింది. చెయ్యి కిందికి జారింది, ఆగింది, మళ్లీ పైకి వెళ్లింది.

“నిమిరి పొరపాటు పడితే అదో దారి. అసలు నిమరాలన్న సంగతే తోచలేదే!” అంది. ఆ గొంతులో బెదురు కన్నా ఆశ్చర్యమే ఎక్కువ, తన ఇంట్లో తనకు తెలియని గది తలుపు కనబడినట్టు.

అప్పటికే చెల్లెలు కొన్నాళ్లుగా కొన్ని సంగతులు మనసులో వేసుకుంటోంది. అక్క అడిగిందే అడగడం, ఇస్త్రీపెట్టె వేడెక్కించి మరిచిపోవడం. ఆ కోటుతో ఇక ఊరుకోలేక అక్కను నరాల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరు కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంది. కత్తెరమ్మకు పడవ అన్న మాటొక్కటే గుర్తొచ్చింది.

“పడవలో ఎవరున్నారో చెప్పి ఉంటే మిగతావీ గుర్తుండేవమ్మా. ఖాళీ పడవను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?”

డాక్టరు నవ్వింది, కానీ ఏదో రాసుకుంది. ఆ తర్వాత రక్తపరీక్షలు, తల స్కాన్లు, వెన్నులోంచి తీసిన నీటి పరీక్ష. చివరికి పేరు తేలింది. అల్జీమర్స్. ఇంకా తొలిమెట్టులోనే ఉందని డాక్టరు చెప్పింది. చెల్లెలు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కత్తెరమ్మ మాత్రం బల్ల మీదికి వంగింది.

“లోపల ఏం జరుగుతోందో చెప్పు తల్లీ. నా తలే కదా, నాకు తెలియాలి.”

మెదడు కణాల మధ్య ఒక రకం ప్రొటీన్ కొన్నేళ్లుగా పేరుకుని ఉండలు కడుతుందని, కణాల లోపల ఇంకో ప్రొటీన్ చిక్కులు పడుతుందని, ఆ కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక మెల్లగా చచ్చిపోతాయని డాక్టరు చెప్పింది.

“పాత ఊలు బట్ట మీద నూగు ఉండలు కట్టినట్టా?”

“దాదాపు అంతే. ఆ ఉండల్ని పట్టుకునే మందు ఒకటుంది. సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తాం. అది వెళ్లి ఉండలకు అతుక్కుంటే, మన ఒంట్లో ఊడ్చే కణాలే వాటిని తీసేస్తాయి.”

“మరి ఉండల కింద ఇప్పటికే పడిన చిల్లులు?”

“అవి పూడవమ్మా. పోయింది తిరిగి రాదు. జబ్బు ఆగిపోదు కూడా. నడక నెమ్మదిస్తుంది. అదీ అందరిలో ఒకేలా కాదు.”

మందు వల్ల వచ్చే ముప్పునూ డాక్టరు దాచలేదు. కొందరికి మెదడులో వాపు వస్తుంది, సన్నగా రక్తం చిమ్ముతుంది. చాలామందికి పైకి ఏమీ తెలియదు, అరుదుగా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మధ్యమధ్య స్కాన్ తీయాలి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లకు మరీ ప్రమాదం. కత్తెరమ్మ అవి వాడడం లేదు. ప్రమాదం పెంచే జన్యువు కూడా పరీక్షలో కనబడలేదు.

“లేనిపోని తద్దినం! ఉన్నన్నాళ్లు హాయిగా ఉండక,” అంది చెల్లెలు దారిలో.

“కత్తెర పట్టుకోలేకపోతే హాయెక్కడిదే? ఎన్నాళ్లు పట్టుకోగలనో, అన్నాళ్లకు మరికొన్నాళ్లు అడుగుతున్నాను, అంతే.”

మందు ఎక్కించే గది పొడవుగా ఉంది, వరసగా వాలు కుర్చీలు. మొదటిరోజు కత్తెరమ్మ వేలాడే సంచినే చూస్తూ కూర్చుంది.

“అమ్మమ్మా, చెయ్యి చాపండి,” అంది నర్సు.

“పెళ్లే కాలేదు, అమ్మమ్మనెప్పుడయ్యాను?”

“సరే, పెద్దమ్మా.”

“అది నయం. ఇంతకీ ఈ మందును ఎవరు కుట్టారు?”

“కుట్టరండీ. బతికున్న కణాల చేత తయారు చేయిస్తారు.”

“అయితే పనివాళ్లున్నారన్నమాట. కళ్లకు కనబడని పనివాళ్లు!”

ఆ సాయంత్రం చలి పుట్టి పళ్లు టకటకలాడాయి. మందు ఒంటికి అలవాటు పడేదాకా మొదట్లో అలా ఉంటుందని నర్సు ముందే చెప్పింది కాబట్టి చెల్లెలు రెండు దుప్పట్లు కప్పి, తిట్టుకుంటూ పక్కనే కూర్చుంది. తర్వాతి సార్లు చలి రాలేదు. దుకాణంలో పని కూడా నిదానంగా సాగింది.

ఆ తర్వాతి స్కాన్‌లో వాపు కనబడింది. తలనొప్పి లేదు, తూలడం లేదు, అయినా తెరమీద మెదడు అంచున కాగితం మీది తడి మచ్చలాంటిది ఉంది. డాక్టరు మందు ఆపేసింది. కొన్ని నెలలు చూసి మళ్లీ స్కాన్ తీస్తే మచ్చ ఇంకిపోయింది. మందు మళ్లీ మొదలుపెట్టాలా, మానుకోవాలా, మీ ఇద్దరూ ఆలోచించుకుని చెప్పమంది.

బస్సులో అక్కచెల్లెళ్లు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

“చాలక్కా. రక్తం చిమ్మి మంచాన పడితే నేనేం కావాలి?”

“మానుకుంటే కత్తెర తొందరగా జారిపోతుంది.”

“జారితే నా చేతిలో పడనియ్యి! ఒక్కసారైనా నేర్పావా?”

కత్తెరమ్మ తల తిప్పి చూసింది. “ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడిగావా?”

“పదిహేనేళ్ల పిల్లప్పుడే అడగకుండా పట్టుకున్నాను. నీ కత్తెర నా చేతిలో బట్టను కోయలేదు, నమిలింది. నాది పుర్రచెయ్యి. నువ్వు వంకరగా చూసి లాక్కున్నావు. అంతే, మిషన్ ఎక్కాను.”

పక్కసీటు పెద్దాయన పేపరు దించి చూసి, మళ్లీ ఎత్తుకున్నాడు. కత్తెరమ్మ చెల్లెలి చేతిని ఒళ్లోకి తీసుకుని, ముందెన్నడూ చూడని సరుకులా తిప్పి తిప్పి చూసింది.

“పుర్రచేతికి వేరే కత్తెర ఉంటుందటే?”

“ఉంటుంది.”

“కొందాం. కానీ మందు మాననే. నీకు నేర్పేదాకా నాకు నా తల కావాలి.”

చెల్లెలు చెయ్యి లాక్కుని వేలు చూపించింది. “తల తిరిగినా, కళ్లు మసకేసినా ఆ క్షణమే చెప్పాలి. దాచావో, కత్తెర గంగలో వేస్తాను.”

“చెబుతాలేవే.”

స్కాన్లు ఇంకా దగ్గర దగ్గరగా తీయాలన్న షరతు మీద డాక్టరు మళ్లీ మందు మొదలుపెట్టింది. ఆరోజు సూదికి నరం కత్తెరమ్మ కుడిచేతిలోనే దొరికింది. కదపడానికి లేదు. పక్కన స్టూలు మీద చెల్లెలు పాత పేపరును కొత్త కత్తెరతో కోస్తోంది. నర్సు కళ్లెర్రజేసింది గానీ, ఊరుకుంది.

“చంక వంపు రావడం లేదక్కా. మూలలు తేలుతున్నాయి.”

కత్తెరమ్మకు చేసి చూపించే వీల్లేదు. చెయ్యి ఏం చేసేదో మాటల్లో ఎప్పుడూ చెప్పి ఎరగదు. కళ్లు మూసుకుని తన చేతినే లోపలినుంచి చూసుకుంది. గొట్టంలో మందు చుక్క చుక్కగా దిగుతోంది.

“కత్తెరను తిప్పకే. అది ఉన్నచోటే ఉంటుంది. కాగితాన్ని తిప్పు.”

చెల్లెలు కాగితాన్ని తిప్పింది. వంపు గుండ్రంగా, మూలలు లేకుండా వచ్చింది.

“ఓసి, నేను చేసేది ఇదా!” కత్తెరమ్మ నిటారుగా లేవబోయి, నర్సు చూపుకు మళ్లీ వాలింది. “నాకే తెలీదు. ఇంకోటి కోయి, ఇంకేం తెలుసో చూద్దాం.”